బంకు బోర్డుకు భయపడే ప్రభుత్వాలు

ముడి చమురు ధర ఎగబాకిన ప్రతిసారీ పాలకులు చేసే పని దాదాపు ఒకటే. పన్ను కాస్త కోస్తారు, ధరకు కళ్లెం వేస్తారు, వ్యూహాత్మక నిల్వల్లోంచి కొంత వదులుతారు, కంపెనీలు లాభాలు దండుకుంటున్నాయని కన్నెర్ర చేస్తారు. యుద్ధమైనా, ఆంక్షలైనా, చమురు ఎగుమతి దేశాల కూటమి ఒపెక్ ఉత్పత్తి కోతలైనా మందు మాత్రం మారదు. ఈ మందే రోగాన్ని ముదరబెడుతోంది.

అసలు ఇంత కంగారెందుకు? ఇంటద్దె, ఆసుపత్రి బిల్లు, పిల్లల ఫీజు ఎంత పెరిగినా ఏవీ రోడ్డు పక్కన నిలువెత్తు అంకెల్లో వెలగవు. పెట్రోలు ధర వెలుగుతుంది. ఓటరు రోజూ చూసే అంకె అది. కాబట్టి మంత్రులకు చమురు వాడకం తగ్గించడం కంటే ఆ అంకె తగ్గించడమే ముఖ్యమైపోతుంది.

అంకెను నొక్కిపట్టడమెలాగో అమెరికా ఎప్పుడో చేసి చూపించింది. 1971 ఆగస్టులో అధ్యక్షుడు నిక్సన్ ధరలు, వేతనాలు స్తంభింపజేశారు. తక్కిన సరుకుల మీద నియంత్రణలు తొలగినా, చమురు మీద 1981 జనవరిలో అధ్యక్షుడు రీగన్ ఎత్తేసేదాకా ఏదో ఒక రూపంలో సాగాయి. ఈలోగా 1973 అక్టోబరులో అరబ్ దేశాల ఆంక్షలు వచ్చిపడ్డాయి. సరుకు లేదు, ధర పెరగకూడదు. ఇక మిగిలింది క్యూ. నంబరు ప్లేటు చివర సరి సంఖ్య ఉన్నవాళ్లకు ఒకరోజు, బేసి సంఖ్య వాళ్లకు మరోరోజు. ఒరెగన్ రాష్ట్రంలో బంకుల ముందు జెండాలు కట్టారు. పచ్చజెండా ఉంటే పెట్రోలు ఉన్నట్టు, ఎర్రజెండా కనిపిస్తే బండి వెనక్కి తిప్పాల్సిందే. డబ్బు రూపంలో కట్టని ధరను జనం గంటల రూపంలో కట్టారు. 2022లో విదేశీ మారకం అడుగంటిన శ్రీలంకలో ఆ గంటలు రోజులయ్యాయి. చివరికి ఇంధనాన్ని క్యూఆర్ కోడ్‌తో వారానికింత అని కొలిచి పోశారు.

ధర వదిలేస్తే పేదవాడి గతేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2018 నవంబరులో ఫ్రాన్స్‌లో పసుపు చొక్కాల వాళ్లు రోడ్లెక్కింది ఇంధన పన్ను మీదే. డిసెంబరుకల్లా మాక్రాన్ ప్రభుత్వం పెంపు మానుకుంది. అయితే ధర తగ్గించడం వేరు, మనిషిని ఆదుకోవడం వేరు. లీటరు మీద ఇచ్చే రాయితీ ఎక్కువ లీటర్లు తాగే పెద్ద కారుకే ఎక్కువ దక్కుతుంది. ఇరాన్ 2010 డిసెంబరులో ఇంధన ధరలు అమాంతం పెంచే ముందే కుటుంబాల ఖాతాల్లో నగదు వేసింది (తర్వాత ద్రవ్యోల్బణం ఆ డబ్బు విలువను మింగేసిందనుకోండి, అది వేరే కథ). జర్మనీ 2023లో ఇళ్లకు గ్యాస్ ధర కట్టడి చేసినప్పుడు అంతకుముందరి వాడకంలో 80 శాతానికే యూనిట్ 12 సెంట్ల ధర ఇచ్చింది. ఆపైన వాడితే మార్కెట్ రేటు. సాయం అందింది, పొదుపు చేయాలన్న ఒత్తిడీ మిగిలింది.

రాయితీ దెబ్బ సరిహద్దు దాటి కూడా తగులుతుంది. ఈ సంగతి ఎందుకో ఎవరూ మాట్లాడరు. సంపన్న దేశం తన పౌరులకు ధర తెలియనివ్వకపోతే అక్కడ వాడకం తగ్గదు, ప్రపంచ ధర దిగదు. కొరత భారమంతా కొనలేని దేశం నెత్తిన పడుతుంది. 2022లో యూరప్ ఎంతకైనా కొంటానని నిలబడితే ఎల్‌ఎన్‌జీ (ద్రవరూపంలోకి మార్చిన సహజవాయువు) ఓడలు అటే మళ్లాయి. ఆ జులైలో పాకిస్తాన్ టెండరు పిలిస్తే ఒక్క బిడ్డూ రాలేదు. అక్కడ చీకట్లో కూర్చున్నవాళ్లకు ఏ బెర్లిన్ మంత్రీ జవాబుదారీ కాదు. శిలాజ ఇంధనాల వాడకానికి ప్రపంచం ఇచ్చిన రాయితీలు ఆ ఏడాది లక్ష కోట్ల డాలర్లు దాటాయని అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కగట్టింది. అదే సంస్థ ఆ మార్చిలో హైవేల మీద వేగం గంటకు 10 కిలోమీటర్లు తగ్గించండని, పైసా ఖర్చు లేని సలహా ఇచ్చింది. పట్టించుకున్నవాళ్లు అరుదు.

నిజానికి పసుపు చొక్కాల వాళ్లలో చాలామంది బస్సు రాని, రైలు ఆగని చోట్ల బతికేవాళ్లు. వాళ్లకు కారు విలాసం కాదు, ఉద్యోగానికి వెళ్లే ఏకైక దారి. ధర ఎంతయినా కొనక తప్పనివాడికి ధర అంటే వాడకం తగ్గించమనే సంకేతం కాదు, శిక్ష. కాబట్టి చమురు రాజకీయమంటే చివరికి రోడ్ల రాజకీయం, బస్సుల రాజకీయం. నెదర్లాండ్స్‌కు ఇది ముందే తట్టింది. 1973 నవంబరు 4న అక్కడ మొదటి కార్లులేని ఆదివారం. ఖాళీ హైవేల మీద జనం సైకిళ్లు తొక్కారు, స్కేటింగ్ చేశారు. సంక్షోభం తగ్గాక అందరూ మళ్లీ కార్లెక్కి ఊరుకోలేదు. పిల్లలు రోడ్డు ప్రమాదాల్లో చనిపోతున్నారని అప్పటికే మొదలైన ఉద్యమమూ తోడైంది. కొన్నేళ్లలోనే హేగ్, టిల్‌బర్గ్‌లలో ప్రభుత్వ డబ్బుతో ప్రత్యేక సైకిల్ దారులు పడ్డాయి.

2022 వేసవిలో జర్మనీ ఒకేసారి రెండు పనులు చేసింది. జూన్ నుంచి ఆగస్టు దాకా ఇంధన పన్ను తగ్గించింది. అవే మూడు నెలలు, నెలకు 9 యూరోలకే దేశమంతటా లోకల్ రైళ్లు, బస్సులు ఎక్కనిచ్చింది. మొదటిదానికి అయిన ఖర్చు దాదాపు 300 కోట్ల యూరోలు, రెండోదానికి 250 కోట్లు. ఆ టికెట్లు అయిదు కోట్లకు పైగా అమ్ముడుపోయాయి. ఆగస్టు 31తో రెండూ ముగిశాయి. పన్ను తగ్గింపు బంకుల్లో తగలబడిపోయింది. టికెట్టు మాత్రం 2023 మేలో 49 యూరోలకు తిరిగొచ్చి, ఇప్పటికీ నడుస్తోంది. రేటు పెరిగిందని జనం సణుగుతూనే కొంటున్నారు.