గూగుల్ ఉండగా లైబ్రరీ దేనికి అంటున్నవారికి

శ్రీకాకుళం పీజీ విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ‘ప్రాజెక్టుకి ఆర్టికల్స్ అన్నీ గూగుల్‌లోనే ఉన్నాయి. లైబ్రరీ డేటాబేస్‌లో ఏం కొట్టినా రాదు. ఖరీదైన జర్నల్స్ పెద్ద యూనివర్సిటీలకే. రిఫరెన్సులు చాట్‌బాట్ రాసిపెడుతుంది.’ కాలేజీ లైబ్రరీలో పనిచేసేవాణ్ని, జవాబు చెప్పకుండా ఉండలేను.

‘ఏం కొట్టినా రాదు’ అన్నదాన్నే ఎక్కువ మంది నమ్ముతున్నారు. కవిటి నుంచి వచ్చే ఒకమ్మాయి ఉద్దానం కిడ్నీ జబ్బు మీద ప్రాజెక్టు తీసుకుంది. ‘ఏటీ నేదు సార్’ అంటూ స్క్రీన్ చూపించింది. ఉద్దానంలో ఈ జబ్బు ఎందుకొస్తోందని ఇంగ్లిషులో పూర్తి వాక్యం కొట్టింది. డేటాబేస్‌కి కావాల్సింది వాక్యం కాదు, అసలు మాటలు. 2019లో ‘కిడ్నీ ఇంటర్నేషనల్ రిపోర్ట్స్’లో ఉద్దానం మీద వచ్చిన వ్యాసం శీర్షికలో ‘కిడ్నీ డిసీజ్’ అని లేదు, ‘సీకేడీ ఆఫ్ అన్‌నోన్ ఎటియాలజీ’ (కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు) అని ఉంది. అందుకే ఆ జబ్బుకున్న పేర్లన్నీ ముందు కాగితం మీద రాయించాను. పేర్ల మధ్య ‘ఆర్’ (OR, వీటిలో ఏదున్నా సరే), ఉద్దానానికి ముందు ‘యాండ్’ (AND, ఇది కూడా ఉండాలి), రెండు మూడు మాటల పేరు విడిపోకుండా కొటేషన్ గుర్తులు పెట్టించాను. ఈసారి ఆ వ్యాసం దొరికింది. దాని చివరనున్న రిఫరెన్సులు పట్టుకుని ఇలాంటి జబ్బే వచ్చిన శ్రీలంక రైతుల మీద జరిగిన పరిశోధనల దాకా వెళ్లింది.

జర్నల్స్ పెద్ద యూనివర్సిటీలకే అన్నది పాత మాట. గాంధీనగర్‌లోని యూజీసీ కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఎన్-లిస్ట్ అనే ఆన్‌లైన్ జర్నల్స్, పుస్తకాల సేవ కాలేజీల కోసం పెట్టిందే. కాలేజీకి సభ్యత్వం ఉంటే మీ పేరున ఐడీ ఇస్తారు, సోంపేటలో ఇంట్లో కూర్చునైనా తెరవొచ్చు. 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అనే కేంద్ర పథకం కింద ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు 30 ప్రచురణ సంస్థల జర్నల్స్ దాదాపు 13,000 అందుతున్నాయి.

పరిశోధన వ్యాసాలు వెతికే గూగుల్ స్కాలర్ మంచిదే, నేనూ వాడతాను. కానీ అక్కడ కనిపించిన వ్యాసాన్ని నొక్కితే చాలాసార్లు డబ్బులు కట్టమంటుంది. కట్టే ముందు అదే శీర్షికను కాలేజీ లాగిన్‌తో ఒకసారి వెతకండి.

చాట్‌బాట్ ఇచ్చే రిఫరెన్సుల సంగతి ఇంకా ప్రమాదం. పలాస జీడిపిక్కల ఫ్యాక్టరీల్లో కూలి మీద రాస్తున్న అబ్బాయి అలాంటి జాబితా తెచ్చాడు. అందులో ఒక డీఓఐ నంబరు (ప్రతి వ్యాసానికి విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) కొడితే చేపల పెంపకం మీద వ్యాసం తెరుచుకుంది. అతని కాగితం మీదున్న శీర్షిక ఎంత వెతికినా ఎక్కడా లేదు. వైవాలో ‘ఈ పేపర్ చదివావా’ అని అడిగితే ఆ టెన్షన్ పడేది పిల్లవాడే కదా! ఇప్పుడు అతనిచేత శోధ్‌గంగలో వెతికిస్తున్నాను. పీహెచ్‌డీ థీసిస్‌లు అక్కడ ఉచితంగా చదవొచ్చు. ఏది దొరికినా మొదట దాని చివరనున్న రిఫరెన్సుల పేజీలు తెరవమన్నాను.