పదకొండు వాక్యాలు దండగట, ఒక్క వాక్యం చాలట

కోపం చల్లారాక రాస్తే మర్యాదగా ఉంటుందని తెలుసు, కానీ చల్లారేలా లేదు. మా కోసం కోడ్ రాసే ఏఐ ఏజెంట్ ఎపిఐ వివరాలు (అంటే ఒక లైబ్రరీలోని ఫంక్షన్లను ఎలా పిలవాలన్న సమాచారం) వెతుక్కోవడానికి వాడే టూల్‌కు నేను రెండు రోజులు కూర్చుని రాసిన పదకొండు వాక్యాల వివరణను ఈ సాయంత్రం రివ్యూలో మావాళ్లు మొత్తం కొట్టేసి, ఆ స్థానంలో ‘ఎపిఐ సమాచారాన్ని వెతుకుతుంది’ అని ఒకే ఒక్క వాక్యం పెట్టారు. పక్కన ఒక వ్యాఖ్య కూడా: ‘మోడల్ తెలివైనదే, అర్థం చేసుకుంటుంది.’ మోడల్ అంటే ఏజెంట్ వెనుక ఉన్న ఏఐ. ఆ టూల్ పేరే ‘లుకప్’. అది వెతుకుతుందన్న రహస్యాన్ని పేరే బయటపెట్టేశాక, వివరణలో మళ్లీ అదే చెప్పడానికి అంత శ్రమ ఎందుకు పడ్డారో తెలియదు.

టూల్ లోపలి కోడ్ ఏజెంటుకు కనబడదు. 2023లో మోడల్ చేత టూల్స్‌ను పిలిపించే ఫంక్షన్ కాలింగ్ వచ్చినా, 2024 నవంబరులో టూల్స్‌ను మోడళ్లకు ఒకే తీరులో కలిపే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ వచ్చినా, మోడల్ ముందుకు ప్రధానంగా చేరేవి పేరు, వివరణ, పారామీటర్ల స్కీమా (ఏ ఇన్‌పుట్ ఏ రూపంలో ఇవ్వాలన్న పట్టిక) మాత్రమే. కొత్తగా చేరిన ఉద్యోగికి అర్థం కాకపోతే పక్క సీటువాళ్లను అడుగుతాడు, లేదా కనీసం మొహం వేలాడేస్తాడు. ఏజెంట్ ఆ రెండూ చేయకుండా ఊహించుకుని, ఆ ఊహనే ధీమాగా అమలు చేస్తుంది.

ఈ సాయంత్రమే చేసి చూపించింది కూడా. మా దగ్గర రెండు టూల్స్ ఉన్నాయి: ‘సెర్చ్’ మాటలు తీసుకుని పేజీల ఐడీలు ఇస్తుంది, ‘లుకప్’ ఆ ఐడీ తీసుకుని పూర్తి పేజీ ఇస్తుంది. ముందు ఏది, తర్వాత ఏది అని చెప్పే వాక్యం కొట్టివేతలో పోయింది కనుక, ఏజెంట్ ఐడీ ఉండవలసిన చోట ఫంక్షన్ పేరు పెట్టింది. ‘చెల్లని ఇన్‌పుట్’ అని జవాబు వచ్చింది. ఏది చెల్లదో, ఏది చెల్లుతుందో, ఐడీ ఎక్కడ దొరుకుతుందో ఆ మహత్తర సందేశంలో లేదు కాబట్టి, అదే పేరును పెద్ద అక్షరాలతో ఒకసారి, అండర్‌స్కోర్లతో ఒకసారి, చుక్కలతో ఒకసారి పంపి చూసింది. వెర్షన్ ఇవ్వకపోతే తాజా వెర్షన్ పేజీ వస్తుందని, అందువల్ల ప్రాజెక్టు వాడుతున్న వెర్షన్‌ను లాక్‌ఫైల్‌లో (ఏ లైబ్రరీ ఏ వెర్షనో రాసి ఉండే ఫైలులో) చూసి ఇవ్వాలని నేను రాసిన వాక్యమూ పోయింది. కాబట్టి మా పాత వెర్షన్‌లో లేని పారామీటర్‌తో కోడ్ రాసింది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఖాళీ జాబితా ఒక ఎత్తు. ఒక లైబ్రరీని ఇంకా ఇండెక్స్ చేయలేదు, అంటే వెతికే జాబితాలోకి ఎక్కించలేదు. అయినా మా టూల్ 200 స్టేటస్‌తో, ఏ తప్పూ లేనట్లు, ఖాళీ జాబితా ఇచ్చింది. ‘వెతికాను, లేదు’ అనడానికీ ‘అసలు వెతకలేకపోయాను’ అనడానికీ తేడా ఉంది. ఆ తేడా చెప్పేవారు లేక, ఫంక్షన్ ఉనికిలోనే లేదని ఏజెంట్ తీర్మానించుకుని, అదే పేరుతో సొంతంగా ఒకటి రాసేసింది. పరీక్షలన్నీ పాసయ్యాయి, ఆ పరీక్షలనూ తానే రాసుకుంది మరి! ఇదంతా చూశాక మావాళ్లు తేల్చింది ఏమిటంటే మోడల్ మార్చాలట. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట.

టోకెన్ల పొదుపు అని ఇంకో వాదన; మోడల్ చదివే పాఠాన్ని ముక్కలుగా లెక్కపెట్టే కొలత అది. వివరణ ప్రతి అభ్యర్థనతోనూ వెళుతుంది, ఒప్పుకుంటాను. కానీ నా పదకొండు వాక్యాలను లెక్కపెట్టిన ఆ చేతులే, లుకప్ జవాబులో మెనూలతో, ఫుటర్‌తో, చివరికి ‘కుకీలను అంగీకరించండి’ అన్న బ్యానర్‌తో సహా పేజీ మొత్తాన్ని మోడల్ చదివే కాంటెక్స్ట్‌లో కుమ్మరించే కోడ్‌ను ఆమోదించాయి. ఏజెంట్ కుకీలను అంగీకరించిందో లేదో ఎవరైనా కనుక్కుంటే బాగుండును.

అసలు మంట వేరే ఉంది. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ 1971 నాటి తొలి మాన్యువల్‌లోనే ప్రతి కమాండ్ గురించీ అది ఏం చేస్తుందో, ఏ తప్పు సందేశాలు ఇస్తుందో, దానిలో లోపాలేమిటో రాయడానికి వేర్వేరు శీర్షికలు ఉన్నాయి. మేము మాత్రం మనుషుల కోసం అంతపాటి డాక్యుమెంటేషన్ అడిగిన ప్రతిసారీ ‘కోడే డాక్యుమెంటేషన్’ అన్న సూక్తి విని తలవంచుకుని వచ్చాము. 2016లో ఎపిఐలను వర్ణించే ప్రమాణమైన స్వాగర్ పేరు ఓపెన్ఎపిఐ స్పెసిఫికేషన్‌గా మారింది కానీ, మా ఫైళ్లలో వివరణ గడుల దశ మారలేదు. నిండిన చోట కూడా ‘యూజర్ ఐడీ: యూజర్ యొక్క ఐడీ’ అనే ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లు వారాల తరబడి తడుముకున్నప్పుడు ఎవరికీ నొప్పి కలగలేదు. ఇప్పుడు ఒక యంత్రం తడుముకుంటే అత్యవసర సమావేశాలు జరుగుతున్నాయి, ‘ఏజెంట్లకు అనువైన డాక్యుమెంటేషన్’ అనే శీర్షికతో స్లైడ్లు తయారవుతున్నాయి. ఆ అనువు మాకెందుకు అక్కర్లేకపోయిందో ఒక్క స్లైడులోనూ లేదు.

కొట్టేసిన పదకొండు వాక్యాలనూ తిరిగి పెట్టి, పన్నెండవది చేర్చి, మళ్లీ రివ్యూకు పంపాను: ‘ఖాళీ జాబితా వస్తే ఆ ఫంక్షన్ లేదని అర్థం కాదు; లైబ్రరీ ఇండెక్స్ అయిందో లేదో ముందు చూడండి.’ ఈసారి రివ్యూ బాధ్యతను ఏజెంటుకే అప్పగించారట.