తోట ఉన్న పాత ఇల్లు: నగరానికి పొంచి ఉన్న ముప్పు

ముందు విషయం చెప్తాను, ఆవేశం తర్వాత. హైదరాబాద్‌లో బర్కత్‌పురా వైపు ఒకాయన తన పాత ఇంటిని పడగొట్టకుండా బాగు చేయించి, తోటతో సహా అమ్మకానికి పెట్టాడు. ఇల్లుగానే అమ్ముతాడట. ఇల్లుగా! 800 గజాల స్థలం, ముందు 40 అడుగుల రోడ్డు, కోర్టు గొడవల్లేని టైటిల్, ఇన్ని ఉండి ఆ మనిషి ప్రకటనలో మొదట రాసిందేమిటయ్యా అంటే, గానుగ సున్నంతో బాగు చేయించిన వరండా, 15 అడుగుల ఎత్తున పైకప్పు, రెండు మామిడి చెట్లు, ఒక పారిజాతం. రోడ్డు వెడల్పు ఆఖరి లైన్లో ఉంది, అదీ చిన్నక్షరాల్లో. ఈ ధోరణిని మొగ్గలోనే తుంచకపోతే రేపు ఇంకో నలుగురు ఇదే పని చేస్తారు. అప్పుడు మన బిల్డర్ల పిల్లాజెల్లా ఏమైపోవాలి?

మన ఊళ్లో పాత ఇంటి ధర ఎలా కడతారో చంటిపిల్లాడికి కూడా తెలుసు. గజం రేటు ఇంటూ గజాలు, అందులోంచి కూల్చడానికి అయ్యే ఖర్చు తీసేయాలి. అంతే. ఇల్లన్నది ఆ స్థలానికి పట్టిన జబ్బు, జేసీబీ దానికి మందు. పైగా చాలా నగరాల్లో స్థలానికి ఇన్ని రెట్లకు మించి కట్టకూడదని ఎఫ్ఎస్ఐ లెక్క ఒకటి అడ్డుపడుతుంది. మన దగ్గర 2006లోనే ఆ పరిమితి ఎత్తేశారు. రోడ్డు ఎంత వెడల్పు, చుట్టూ ఎంత ఖాళీ వదిలావు అన్నదాన్ని బట్టి పైకి లేపుకోవడమే. ఇంత సౌకర్యం పెట్టుకుని ఎవడైనా ఆకాశాన్ని ఊరికే వదిలేస్తాడా? ఆ మామిడి చెట్టు కింద నీడ ఉందని ఆయన అనుకుంటున్నాడు. అక్కడున్నది నీడ కాదు, ఒకదాని మీద ఒకటిగా ఐదు త్రీ బీహెచ్‌కేలు.

ఈ కేసులో బ్రోకర్ తమ్ముడి బాధ వింటే కడుపు తరుక్కుపోతుంది. పాపం అతను తన వంతు సాయం తాను చేశాడు. లింకు డాక్యుమెంట్లు నిజాం కాలంవి, ఉర్దూలో ఉన్నాయి, పైన ఫసలీ (నిజాం కాలపు శిస్తు లెక్కల) సంవత్సరం 1340 అని ఉంది. వెంటనే వాట్సాప్‌లో పెట్టేశాడు, "దాదాపు 700 ఏళ్ల నాటి హెరిటేజ్ ప్రాపర్టీ, సింగిల్ ఓనర్" అని. ఫసలీకి 590 కలిపితే మన లెక్కలో 1930 అవుతుందని ఇంటాయన చెప్పబోతే, "అన్నా, ఎందుకన్నా ఉన్న వయసు తగ్గించుకుంటవ్" అన్నాడట. అతని లెక్క ప్రకారం కాకతీయ రాజ్యం కూలిన 17 ఏళ్లకే బర్కత్‌పురాలో ఎవరో వరండా వేసుకుని కూర్చున్నారన్నమాట. చార్మినార్ కట్టిందేమో 1591లో. ఊరు పుట్టకముందే ఊళ్లో ఇల్లు! దీనికి మించిన ప్రీలాంచ్ ఆఫర్ ఎక్కడైనా ఉందా?

ఇక బాగు చేయించిన తీరు. ఇక్కడే నాకు బీపీ పెరిగింది. రినోవేషన్ అంటే ఏమిటో ఈ నగరంలో అందరికీ ఒక అవగాహన ఉంది. కింద షాబాదు బండల మీద తెల్లటి విట్రిఫైడ్ టైల్స్ పరవాలి, 15 అడుగుల పైకప్పును ఫాల్స్ సీలింగుతో 9 అడుగులకు దించి అంచుల వెంట ఊదారంగు ఎల్ఈడీ వెలిగించాలి, టేకు కిటికీలు పీకి యూపీవీసీవి బిగించాలి, ఆ తర్వాత పాత కళ రావడం కోసం ఫైబర్‌తో చేసిన చెట్టినాడు స్తంభాలు రెండు కొని తెచ్చి గుమ్మం ముందు నిలబెట్టాలి. పాతవన్నీ తీసేసి పాతవాటిలా ఉండేవి పెట్టడం, అదీ పద్ధతి.

ఈయన అలా చేయలేదు. ఎక్కడో వెతికి ఒక ముసలి మేస్త్రీని పట్టుకొచ్చాడు. సున్నం నానబెట్టి, ఇసుక కలిపి, గానుగలో రుబ్బించి, కరక్కాయలూ బెల్లమూ నానేసిన నీళ్లు పోసి, ఒక్కో పూత ఆరేదాకా ఓపిగ్గా కూర్చున్నాడట. పక్కింటివాళ్లు నాకు స్వయంగా చెప్పారు, నెలల తరబడి ఆ ఇంట్లోంచి బెల్లం వాసన వచ్చిందని, చీమలు మాత్రం వీళ్లింటికి వచ్చాయని. ఏం, నగరంలో సిమెంటుకు కరువొచ్చిందా? దానికి ఆయన సమాధానం వినండి: పాత సున్నపు గోడ తేమను లోపలికి పీల్చుకుని మళ్లీ బయటికి వదులుతుందట, దాని మీద సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే చిక్కుకుపోయి వానాకాలం గడిచేసరికి పెచ్చులు పెచ్చులుగా ఊడుతుందట. ఊడనివ్వండి! ఏటేటా పెచ్చులూడటం మీద, ఏటేటా పుట్టీ పెట్టి రంగేయడం మీద ఎన్ని కుటుంబాలు బతుకుతున్నాయో ఈయనకేం తెలుసు.

గోడలు చూడబోతే రెండడుగుల మందం. ఆ ఇటుకలు మింగేసిన స్థలంతో ఒక బెడ్‌రూమ్, అటాచ్డ్ బాత్‌రూమ్ హాయిగా వచ్చేవి. అన్నిటికన్నా ఘోరం ఏమిటంటే, ప్రకటనలో 3000 చదరపు అడుగులని రాశాడు. వెళ్లి కొలిస్తే నిజంగానే 3000 ఉన్నాయి. సూపర్ బిల్టప్ లేదు, కామన్ ఏరియా లేదు, లిఫ్టు ముందు నిలబడే జాగాలో మన వాటా కూడా లేదు. ఇంత అమాయకుడితో వ్యాపారం ఎలా చేస్తారండీ? చెప్పిన కొలతా, ఉన్న కొలతా ఒకటే అయితే కొనేవాడికి అనుమానం రాదూ?

తోట గురించి చెప్పాలంటే నోరు రావడం లేదు. మామిడి, సపోటా, గన్నేరు, నందివర్ధనం, మూలన ఒక బావి. బావిలో నీళ్లున్నాయి. నగరంలో బావి అంటే ఒకటి చెత్త వేసుకోవాలి, లేదంటే పైన స్లాబు వేసి కారు పెట్టుకోవాలి. దాంట్లో పూడిక తీయించి గిలక బిగించడం ఏ శాస్త్రంలో రాసి ఉంది? చెట్లు కొట్టడానికి 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలి, నిజమే. కానీ మనది చెట్లను అర్థం చేసుకున్న జాతి. ప్లాన్ శాంక్షన్ దగ్గరపడే కొద్దీ వాటంతట అవే మొదట్లోంచి ఎండిపోతాయి. రాత్రిపూట ఎవరో ఏదో పోశారని గిట్టనివాళ్లు అంటారు గానీ, నా మటుకు నాకు అది చెట్ల త్యాగంలాగే కనిపిస్తుంది. 1908 మూసీ వరదలో నూటయాభై మంది దాకా ఒక చింతచెట్టెక్కి బతికారని చెప్తారు, ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో దాన్ని ఇప్పటికీ చూపిస్తారు. బాగానే ఉంది. అప్పట్లో అపార్ట్‌మెంట్లు లేక చెట్టెక్కారు. ఇప్పుడు సెల్లార్‌లో కారు మునిగినా మనం నాలుగో అంతస్తులో భద్రంగా ఉండి వీడియో తీసుకుంటున్నాం కదా.

ప్రభుత్వాలైనా అడ్డుకోవచ్చు కదా అంటారేమో. అవి చేయగలిగింది చేశాయి. 1995లో జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన అని ఒకటి తెచ్చి పాత కట్టడాలకు రక్షణ అన్నారు, జాబితాలు వేశారు. జాబితాలో ఉన్నంత మాత్రాన నిలబడి ఉండాలని లేదని చాలా ఇళ్లు నిరూపించాయి. చార్మినార్ దగ్గరి మాల్వాలా ప్యాలెస్‌ను 2000లో కొట్టేశారు. 2015 చివర్లో ఆ నిబంధననే తీసేశారు, గొడవ వదిలింది అనుకునేలోపు 2017లో కొత్తగా హెరిటేజ్ చట్టం వచ్చింది. 2019లో ఇర్రంమంజిల్ అనే పాత ప్యాలెస్‌ను పడగొట్టి అక్కడ అసెంబ్లీ కడదామని ప్రభుత్వమే పెద్ద మనసుతో ముందుకొస్తే హైకోర్టు సెప్టెంబరులో ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. కూల్చేవాళ్ల ఉత్సాహం మీద ఇలా నీళ్లు చల్లితే ఎలా? ఫలక్‌నుమా సంగతి వేరు, అది ప్యాలెస్, హోటలైంది, డబ్బున్నవాళ్లు వెళ్లి పడుకుంటారు. మధ్యతరగతి వకీలో డాక్టరో కట్టుకున్న ఇంటికి ఆ వేషాలెందుకని నా ప్రశ్న.

పోనీ, ఆయనకు నష్టం రాకుండా మార్గం లేదా అంటే, ఉంది. నేనే చెప్పాను. ఇల్లు విప్పి అమ్ముకోండి సార్ అని. ఆ బర్మా టేకు సింహద్వారం ఒక్కటి చాలు, ఏ కెఫే వాళ్లో కళ్లకద్దుకుని తీసుకెళ్లి, అడ్డంగా పడుకోబెట్టి, పైన అద్దం వేసి టేబుల్ చేసుకుంటారు. దూలాలు ఫామ్‌హౌస్‌కు పోతాయి, ఇత్తడి గడియలు ఇన్‌స్టాలో పోతాయి. షాబాదు బండలు వీకెండ్ రిసార్టు నడకదారికి. ఇల్లు మొత్తంగా ఉన్నప్పుడు "ఓల్డ్ స్ట్రక్చర్, నో వాల్యూ" అన్న జనమే ముక్కలు చేసి పెడితే "యాంటిక్" అని ఎగబడి కొంటారు. ఆయన నా మొహంలోకి చూసి, చాలాసేపు ఊరుకుని, మజ్జిగ తాగుతారా అని అడిగాడు. వ్యాపార చతురత బొత్తిగా లేదు.

ఇల్లు చూడటానికి వచ్చేవాళ్లు మాత్రం వస్తున్నారు. ప్రీవెడ్డింగ్ షూట్‌కు గంట అద్దెకు ఇస్తారా అని కొందరు, నైరుతిలో గేటు ఉంది కాబట్టి రేటు తగ్గాలని మరికొందరు. ఒకే ఒక్క జంట నిజంగా కాపురం ఉండటానికే కొంటాం అన్నారు. ఉండటానికి కొంటాననేసరికి అందరికీ వాళ్ల మీద అనుమానం వచ్చింది. ఉండటానికి ఎవరైనా ఇల్లు కొంటారా, దీని వెనక ఏదో లిటిగేషన్ ఉండే ఉంటుందని బ్రోకర్ తమ్ముడు ఈసీ, అంటే ఆస్తి మీద తాకట్లూ లావాదేవీలూ చూపించే పత్రం, మళ్లీ తీయించాడు. వాళ్లు లోను కోసం బ్యాంకుకు వెళ్లారు.

బ్యాంకు పంపిన వాల్యుయర్ వచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. మే నెల, మిట్టమధ్యాహ్నం. లేజర్ టేపుతో చకచకా కొలిచాడు, గోడను వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి చూశాడు, వరండాలో పడక్కుర్చీలో కూర్చుని ఫారం నింపాడు. భవనం వయసు: 90 పైన. మిగిలిన ఆయుష్షు: నిల్. భవనం విలువ: నిల్. స్థలం విలువ దగ్గర మాత్రం పెన్ను కాస్త నెమ్మదిగా, గౌరవంగా కదిలింది. మజ్జిగ తాగాడు, చొక్కా పై గుండీ విప్పుకున్నాడు, ఏసీ ఎక్కడ పెట్టించారు సార్, కనబడటం లేదే అని చుట్టూ చూశాడు. లేదని చెప్తే నమ్మలేదు. ఎండ తగ్గేదాకా ఇక్కడే కూర్చోనా అని అడిగి కాళ్లు చాపుకున్నాడు. ఇంకో రెండు కొత్త ఫ్లాట్లు చూడాలట, కానీ అక్కడ పొద్దుటి నుంచి కరెంటు లేదట, లోపలికి అడుగు పెట్టలేకపోతున్నారట. వాటి ఫారాలు ఒళ్లోనే ఉన్నాయి. ఆయుష్షు దగ్గర 60 ఏళ్లని ముందే నింపేసి పెట్టుకున్నాడు.