ఒక్క క్లిక్కుకి మెటీరియల్ లిస్టంట, తేడా వస్తే మేస్త్రి దొంగంట

భీమవరం గ్రూపు, అమలాపురం గ్రూపు, ఆఖరికి మా చుట్టాల గ్రూపులో కూడా ఇదే మెసేజ్. రెవిట్‌లో (ఇంటిని కంప్యూటర్లో 3డీ మోడల్‌గా గీసే సాఫ్ట్‌వేర్) ఇల్లు గీస్తే ఒక్క క్లిక్కుతో సిమెంట్ బస్తాలు, స్టీలు, వేస్టేజీతో సహా నూటికి నూరుపాళ్లు కరెక్ట్ లిస్టు వస్తుందంట, దాన్ని మేస్త్రి లెక్క పక్కన పెడితే ఎంత తేడా ఉంటే అంత మోసమంట, ఇక ఎస్టిమేషన్ ఇంజినీర్ దండగంట. పంపేవాళ్లంతా తెలిసినవాళ్లే కాబట్టి ఇన్నాళ్లూ ఊరుకున్నా.

సాఫ్ట్‌వేర్ ఫ్రీ అట. స్టూడెంట్లకి. తర్వాత?

బస్తాలు రావండీ, ఘనపు మీటర్లొస్తాయి. ఎం20 రకం కాంక్రీటుకి ఘనపు మీటరుకి సుమారు 8 బస్తాలని ఫార్ములా పెట్టాల్సింది మనమే. వేస్టేజీ కూడా అంతే, 5 శాతం అని మనం రాస్తేనే 5 శాతం.

స్టీలు: స్లాబుని 5 అంగుళాల దిమ్మలా గీసి వదిలేస్తే లిస్టులో ఒక్క కేజీ కూడా కనబడదు. రాడ్లన్నీ మోడల్లో పెడితే వస్తుంది, ఎవడు పెడుతున్నాడు? బీము, స్లాబు సరిగ్గా జాయిన్ చెయ్యకపోతే అవి కలిసిన చోట కాంక్రీటు రెండుసార్లు పడుతుంది, అదీ నూటికి నూరుపాళ్లే మరి.

ఇక మేస్త్రి మోసం. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ప్లాస్టరింగ్ కొలతకి ఐఎస్ 1200 అని భారత ప్రమాణం ఒకటుంది. అర చదరపు మీటరు లోపు కన్నానికి అసలు తగ్గింపే లేదు, అర నుంచి 3 చదరపు మీటర్ల దాకా అయితే గోడకి ఒక వైపే తగ్గిస్తారు, ఎందుకంటే కిటికీ చుట్టూ గోడ మందంలో పూసే పూత కూడా పనేగా, దానికి బదులు ఆ రెండో వైపు వదిలేస్తారు. మోడలేమో రెండు వైపులా కోసేస్తుంది. 4 బై నాలుగున్నర కిటికీకి మేస్త్రి 18 చదరపు అడుగులు తగ్గిస్తే లిస్టు 36 తగ్గిస్తుంది, అలాంటివి ఇంటికి 12 ఉంటే 216 అడుగుల తేడా, ఎవడూ ఏమీ తినకుండానే! పైగా గోదావరి ఇసుక తడిగా దిగితే 20 శాతం పైన కూడా ఉబ్బుతుంది, ఆరాక కుప్ప తగ్గుతుంది, ఆ తగ్గిందీ మేస్త్రి ఖాతాలోకే. పొద్దున్నుంచి ఎండలో గోడ మీద నిలబడే మనిషిని ఒక ఎక్సెల్ షీటు చూసి దొంగ అనేస్తారా, అదేంటండీ బాబూ?

మన డెల్టాలో ఇంకోటి, మెరక. చేలో కట్టే ఇంటికి రోడ్డు లెవెల్ దాకా మట్టి తోలాలి, ఫైల్లోనేమో నేల బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి లిస్టులో మట్టి సున్నా. పోనీ గీశారే అనుకోండి, అక్కడ వచ్చేది దిమ్మిస చేసిన కొలత, ట్రాక్టర్లో వచ్చేది గుల్ల మట్టి.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మన ఏరియాలో ఎస్టిమేషన్ అని చేతిలో పెట్టేవాటిలో పాత ఫైల్లో ఓనర్ పేరు మార్చినవే ఎక్కువ, వాటికంటే సగం గీసిన మోడల్ లిస్టే నయం. తలుపులు, కిటికీలు, టైల్స్ ఏరియా నేనూ అందులోంచే తీస్తా, కిటికీ సైజు మారిస్తే లిస్టూ దానంతటదే మారుతుంది, ఆ సుఖం చేత్తో రాదు.

ఇంజినీర్ ఫీజు మిగులుతుందా? రాడ్లతో, మెరకతో సహా మోడల్ గీసి ఇవ్వడానికి ఎంత తీసుకుంటారో ఒకసారి కనుక్కోండి, తర్వాత మాట్లాడదాం.