కసిమి కుండకు పదహారు క్రెడిట్లు

"బీఎఫ్‌ఏ మూడో ఏడాది పిల్లలకు కలంకారీ పేపర్ పెడుతున్నాం, సిలబస్ నువ్వే రాయమ్మా" అన్నారు మా ఫైన్ ఆర్ట్స్ హెడ్ గారు. మాది శ్రీకాళహస్తి. కలం పట్టేవాళ్ల ఇళ్ల ముందు నుంచే బడికి వెళ్లినదాన్ని. ఒక్క రాత్రిలో రాసి పడేద్దామనుకున్నాను.

క్వాలిటీ సెల్ నుంచి ఫారం వచ్చాక గానీ తెలియలేదు, కలంకారీ కన్నా అది నింపడమే పెద్ద కళ అని. కోర్సు అయ్యేసరికి విద్యార్థి ఏం చేయగలడని మొదటి గడిలో అడిగారు. "గీతలో జీవం గుర్తుపడతాడు" అని రాశాను. సెల్ చూసే సారు మెకానికల్ ఇంజినీరింగ్ మనిషి, చాలా మంచివారు. "జీవాన్ని ఎలా కొలుస్తామమ్మా?" అని నిజంగా తెలుసుకుందామనే అడిగారు. కొలవగలిగే క్రియాపదాలే వాడాలట. నేర్చుకోవడాన్ని మెట్లుగా పేర్చిన బ్లూమ్ గారి పట్టిక చేతిలో పెట్టారు. 1956లో వచ్చిన ఆ మెట్లను 2001లో సవరించి, సృష్టించడాన్ని అన్నిటికన్నా పైమెట్టు మీద కూర్చోబెట్టారు. ఆ లెక్కన మా పిల్లలు చేరిన రోజే మట్టి పిసికి పైమెట్టు ఎక్కేస్తారు. మిగతా నాలుగేళ్లూ దిగి రావడానికే.

తర్వాత గంటల గడి. కసిమి అంటే తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో ఊరబెడితే వచ్చే నల్లరంగు. సుమారు మూడు వారాలు ఊరాలి. "ఆ గంటలు ఏ కాలమ్‌లో వేశారు?" అన్నారు సారు. వారానికి రెండు గంటల ప్రాక్టికల్ చొప్పున పదిహేను వారాలకు ఒక క్రెడిట్ కదా, ఇద్దరం కూర్చుని లెక్కేశాం. రాత్రీ పగలూ కలిపి 504 గంటలు, పదహారు క్రెడిట్లు దాటింది. పిల్లలకు ఆ పేపర్‌లో వచ్చేది నాలుగు. చదివిన పిల్లల కన్నా ఊరిన కుండే డిగ్రీకి దగ్గరగా ఉంది.

పరీక్ష మూడు గంటలే అని ఖాయం చేశారు. నదిలో ఉతకాల్సిన బట్టకు స్వర్ణముఖి బదులు వాష్‌రూమ్ కుళాయి. సరే అన్నాను. కానీ బట్టను ముందురోజే కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెట్టాలి. పాలలో కొవ్వు లేకపోతే కసిమి నిలవదు, పాకిపోతుంది. అందుకని 'గేదెపాలు, ఐదు లీటర్లు' అని ఇండెంట్ పెట్టాను. కొనుగోళ్ల సెక్షన్ వాళ్లు మూడు కొటేషన్లు అడిగారు. వారంటీ గడి ఖాళీగా ఉంచకూడదన్నారు. 'మర్నాడు పొద్దున పది దాకా' అని నింపాను. పాస్ అయిపోయింది.

పరీక్ష ముందురోజు మధ్యాహ్నం పాలు వచ్చాయి. క్యాన్‌ను ఫ్రిజ్‌లో పెట్టి మీటింగ్‌కు వెళ్లాను. ఆ మీటింగ్ దేని గురించో ఇప్పుడు గుర్తులేదు, టీ మాత్రం గుర్తుంది. మీగడ తెట్టు కట్టి, గ్లాసు అంచుకు అంటుకునేంత చిక్కగా ఉంది. ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటి టీ తాగలేదన్నారు సారు, రెండోసారి కూడా పోయించుకున్నారు. నేనూ పోయించుకున్నాను. రెండో గ్లాసు సగంలో ఉండగా గుండె జారింది.

ఫ్రిజ్‌లో క్యాన్ బోర్లించి ఉంది. పక్కన రోజూ టీకి తెచ్చే టోన్డ్ పాల ప్యాకెట్, అర లీటరు. "ఎవరో పుణ్యాత్ములు పెట్టారనుకున్నా మేడమ్. మిగిలినవి తోడేశాను, రేపు పెరుగు మీకే" అన్నాడు అటెండర్ బాబాయ్. మళ్లీ మూడు కొటేషన్లకు టైమెక్కడిది? ఆ అర లీటరుకు నీళ్లు చేర్చి పదమూడు బట్టలు ముంచాను. పద్నాలుగో అమ్మాయి డే స్కాలర్, ఇంట్లోనే ముంచుకొస్తానంది.

మర్నాడు పిల్లలు వెదురు కలానికి చుట్టిన ఉన్నిని మెల్లగా నొక్కి గీత లాగుతుంటే, కళ్లెదుటే అది కాళ్లొచ్చినట్టు నాలుగు వైపులా పాకింది. ఒకడు హనుమంతుడి తోక మొదలుపెట్టాడు. నిప్పంటకుండానే లంకంతా నల్లబడింది.

ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వచ్చినాయన ఆధునిక చిత్రకారుడు. గీత నాణ్యతకు ఇరవై మార్కులని రూబ్రిక్‌లో, అంటే మార్కుల పట్టికలో, రాసుకున్నాం. నేను నోరు తెరిచేలోపే ఆయన కళ్లద్దాలు తీసి, "ఈ బ్యాచ్ సంప్రదాయం హద్దులు చెరిపేసిందండీ!" అన్నారు. పదమూడు మందికీ పద్దెనిమిదికి తగ్గలేదు. జుట్టుపోగంత సన్నగా గీత నిలిపిన పద్నాలుగో అమ్మాయికి పదకొండు. సాహసం తక్కువట. కుండ, పాలు, టీ వరుసగా చెప్పి బతిమాలితే మరో మూడు కలిపారు.

సాయంత్రం ఆ పిల్ల నా దగ్గరకొచ్చింది. "అందరూ ఏం కలిపారు మేడమ్? నాకూ చెప్పుంటే బాగుండేది కదా" అంది. ఇంటికెళ్లేటప్పుడు పెరుగు గిన్నె దాని చేతిలో పెట్టాను.

ఫారంలో చివరి గడి: వచ్చే ఏడాదికి తీసుకోబోయే చర్య. 'టీకి రెండు లీటర్ల గేదెపాలు విడిగా తెప్పించవలెను' అని రాశాను. సారు రెండుసార్లు చదువుకుని, "చూశారా, ఇలా ఉండాలమ్మా. ఇది కొలవొచ్చు" అని సంతకం పెట్టారు.