సోడియం బ్యాటరీకి మసి తోడు

ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి కాటుక పట్టే ఇళ్లు ఇప్పుడు తక్కువ. పళ్లేనికి అంటుకునే ఆ నల్లటి మసి కర్బనమే. దాని దగ్గరి చుట్టం కార్బన్ బ్లాక్. సోడియం అయాన్ బ్యాటరీ మన బజారుకు చేరాలంటే ఈ మసి సంగతి తేలాలి.

సోడియానికి మనకు కొదవ లేదు, సముద్రపు ఉప్పులోనే ఉంది. లిథియం కోసం పరాయి దేశాల వైపు చూసే మనకు అది పెద్ద ఊరట. చిక్కంతా కేథోడ్ దగ్గర, అంటే బ్యాటరీ ధన ధ్రువం దగ్గర వస్తోంది. కేథోడ్‌కు వాడే సోడియం వెనేడియం ఫాస్ఫేట్‌లో అయాన్లు (విద్యుదావేశం ఉన్న పరమాణువులు) తిరగడానికి విశాలమైన దారులున్నాయి, దాని చట్రమూ గట్టిది. ఎలక్ట్రాన్లు మాత్రం అందులో సరిగా కదలవు. గ్రాముకు సుమారు 117 మిల్లీ ఆంపియర్ అవర్ల చార్జి దాచుకోవాల్సిన పదార్థం, త్వరగా చార్జ్ చేయబోతే చాలా తక్కువే అందిస్తుంది. వెనేడియం ఖరీదు భరించలేక ఇనుము ఫాస్ఫేట్ల వైపు మళ్లినా ఇదే ఇబ్బంది.

దీనికి విరుగుడు వంటింటి పనిలాగే ఉంటుంది. ముడిసరుకులో గ్లూకోజో సిట్రిక్ ఆమ్లమో కలిపి, గాలి తగలని కొలిమిలో 700, 800 డిగ్రీల వేడి మీద ఉంచుతారు. పాకం మాడినట్టు అది మాడి, ప్రతి రేణువు చుట్టూ కొన్ని నానోమీటర్ల కర్బన పొర మిగులుతుంది. ఆ పొడిలో కార్బన్ బ్లాక్, జిగురు వేసి, దోసెపిండిలా జారుగా కలిపి అల్యూమినియం రేకు మీద పలుచగా పూస్తారు. ఇక రేణువు నుంచి రేకు దాకా ఎలక్ట్రాన్లకు బాట పడినట్టే. అతి సన్నని కర్బన గొట్టాలైన కార్బన్ నానోట్యూబులైతే దారాల్లా అల్లుకుంటాయి కాబట్టి తక్కువ మోతాదే సరిపోతుంది.

అయితే కేథోడ్‌లో కర్బనం తాను చార్జి దాచదు. అవసరానికి మించి కలిపిందంతా దండగ బరువే. నాణెమంత సెల్‌లో 10, 20 శాతం కార్బన్ వేసి, పలుచటి పూత పూసి గొప్ప అంకెలు చూపించడం ప్రయోగశాలల్లో మామూలే. ఫ్యాక్టరీకి మందపాటి పూత కావాలి, కర్బనం కొద్ది శాతంలోనే సరిపెట్టాలి. ప్రభుత్వ సొమ్ముతో జరిగే పరిశోధనలైనా ఈ బరువును కలుపుకునే ఫలితాలు ప్రకటించాలని మేం కోరుతున్నాం.

పనితనంలో మనవాళ్లు వెనకబడి లేరు. హైదరాబాద్ బాలాపూర్‌లోని కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ, లిథియం బ్యాటరీల కేథోడ్ పదార్థమైన లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కు కర్బన పూత వేసే పద్ధతిని తయారు చేసి పరిశ్రమకు అందించింది. బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ పరిశోధన కేంద్రం ఆరు నిమిషాల్లో 80 శాతం చార్జయ్యే సోడియం బ్యాటరీని 2025లో ప్రకటించింది. అందులోనూ ఆనోడ్ (రుణ ధ్రువం) రేణువులకు కర్బన పూత వేశారు.

కేంద్రం 2021లో బ్యాటరీ సెల్స్‌కు కేటాయించిన 18,100 కోట్ల ప్రోత్సాహకం సెల్ తయారై అమ్ముడయ్యాకే చేతికొస్తుంది. గ్రాముల్లో నెగ్గిన పొడిని క్వింటాళ్లలో చేసి చూసే దశకు దిక్కెవరు? చిన్న కంపెనీలు అద్దెకు వాడుకునేలా కొలిమి, పూత యంత్రం, పరీక్షల గది ఉన్న పైలట్ కేంద్రం ఒకటి బాలాపూర్ నైపుణ్యానికి చేరువలో పెట్టాలి. వచ్చే బడ్జెట్‌లోనే దానికి డబ్బు కేటాయించాలి.