మొదటి రిమాండ్ రోజే అసలు విచారణ

కోర్టు కేసు అనగానే మనకు బోను, వాదనలు, తీర్పు గుర్తొస్తాయి. అంతదాకా వెళ్లేసరికి చాలామంది నిందితులు అనుభవించాల్సింది అనుభవించేసి ఉంటారు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువు కాలేదన్నమాట. వాళ్లను లోపలికి పంపినది ఒక రిమాండ్ ఉత్తర్వు, అంటే నిందితుణ్ణి కస్టడీలో ఉంచమని మెజిస్ట్రేటు ఇచ్చే ఆదేశం.

2024 జూలై 1న నేర విచారణ ప్రక్రియను నిర్దేశించే పాత చట్టం సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారినా ఎఫ్ఐఆర్, దర్యాప్తు, ఛార్జిషీటు, సాక్షుల విచారణ, తీర్పు అనే దారి పాతదే. నా దృష్టిలో ఈ దారి మొత్తానికీ కీలకం అరెస్టు తర్వాతి తొలి 24 గంటలు.

ప్రయాణ సమయం పోను ఆ గడువులోగా నిందితుణ్ణి మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరాల్లో అయితే అరెస్టే తప్పనిసరి కాదు, కొత్త సంహితలోని 35(3) సెక్షన్ కింద నోటీసు ఇచ్చి పిలిపించవచ్చు. అరెస్టు ఎందుకు అవసరమైందో పోలీసులు చెక్‌లిస్టుతో సహా రాసివ్వాలనీ, కారణాలు నమోదు చేయకుండా రిమాండ్ ఇచ్చిన మెజిస్ట్రేటుపై హైకోర్టు శాఖాపరమైన చర్య తీసుకోవచ్చనీ 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మరి ఆచరణలో జరిగేది? ‘సాక్షులను బెదిరించే అవకాశం ఉంది, పరారయ్యే ప్రమాదం ఉంది’ అనే రెండు ముక్కలు నిందితుడి పేరు మాత్రం మార్చుకుని, పోలీసులు రాసే ఒక రిమాండ్ రిపోర్టు నుంచి ఇంకో రిమాండ్ రిపోర్టుకు ప్రయాణం చేస్తుంటాయి. కొత్త చట్టం పోలీసులకు ఇంకో వెసులుబాటు కూడా ఇచ్చింది. పాత చట్టంలో మొదటి 15 రోజుల్లోనే ముగియాల్సిన పోలీసు కస్టడీని ఇప్పుడు ముక్కలుగా, కేసును బట్టి తొలి 40 లేదా 60 రోజుల్లో ఎప్పుడైనా అడగవచ్చు.

దీనికి విరుగుడుగా చట్టంలో ఉన్నది డిఫాల్ట్ బెయిలు. 60 రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే బెయిలు హక్కు. మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లు ఆపైన శిక్ష పడే నేరాలకు ఆ గడువు 90 రోజులు. ఉగ్రవాద కేసుల్లో వాడే యూఏపీఏ లాంటి ప్రత్యేక చట్టాల్లో 180 రోజుల దాకా సాగుతుంది. లెక్క పెట్టడంలోనే చాలామంది దెబ్బతింటారు. అరెస్టయిన రోజు నుంచి కాక, రిమాండ్ ఇచ్చిన రోజు నుంచి, ఆ రోజును కూడా కలిపి లెక్కించాలని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. గడువు దాటాక పొద్దున్నే పిటిషన్ పడితే, మధ్యాహ్నం ఛార్జిషీటు వచ్చినా హక్కు నిలుస్తుంది. ఛార్జిషీటు ముందు పడితే ఆ హక్కు పోయినట్టే. అడగనివాడికి ఇవ్వరు. వకీలు పెట్టుకోలేనివాడికి ఆ తేదీ గుర్తుచేసేదెవరు? బెయిలు వచ్చాక కూడా ఇద్దరు జామీనుదారులు దొరక్క లోపలే మగ్గేవాళ్లున్నారు. నెలలోగా పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టులే ఆలోచించాలని సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది.

అరెస్టు చేయకుంటే సాక్ష్యాలు మాయమవుతాయి, బాధితులకు భద్రత ఉండదు అంటారు పోలీసులు. కొన్ని కేసుల్లో ఆ మాట అక్షరాలా నిజం. అలాంటప్పుడు ఆ కేసుకే చెందిన కారణం రాయడానికి ఇబ్బందేమిటి?

అసలు చిక్కు కాగితంలోనే ఉంది. 2025 నవంబరులో సుప్రీంకోర్టు అరెస్టు కారణాలను ఏ నేరమైనా సరే రాతపూర్వకంగా, నిందితుడికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలంది. అప్పటికప్పుడు కుదరకపోతే రిమాండ్‌కు కనీసం రెండు గంటల ముందైనా ఇచ్చి తీరాలంది. మన దగ్గర రిమాండ్ రిపోర్టు ఇంగ్లిషు. సాక్షి తెలుగులో చెప్పింది రికార్డులోకి ఎక్కేసరికి చాలాచోట్ల ఇంగ్లిషు. ‘తోశాడు’ అన్న మాట ‘దాడి చేశాడు’గా మారితే సెక్షనే మారిపోతుంది. ఆ తేడా పట్టుకోవాల్సినవాడు చదవలేని కాగితం మీద వేలిముద్ర వేసి వ్యానెక్కుతాడు. హైకోర్టు కింది కోర్టుల భాష ఏదో నిర్ణయించే అధికారం కొత్త సంహితలోని 307వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వాలకే ఇచ్చింది. రిమాండ్ రిపోర్టు తెలుగులో రాయమని చెప్పడానికి అమరావతికీ హైదరాబాదుకూ ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.